భువనగిరి బండ మీద మా అమ్మాయి కూర్చుండిపోయిన చోటు

మా అబ్బాయికి రెండేళ్లు నిండకముందే మొదలైన ఆయాసం ఐదో ఏడు వచ్చేసరికి దాదాపు తగ్గిపోయింది. తగ్గిందని డాక్టరమ్మ చెప్పింది, మా ఆయన చెప్పాడు, ఆఖరికి వాడూ చెప్పాడు. నేనొక్కదాన్నే నమ్మలేదు.

మేముండేది నాచారంలో, మెయిన్ రోడ్డుకు రెండు వీధుల లోపల, మూడో అంతస్తులో. పగలంతా లారీలు తిరిగే రోడ్డు. పొద్దున తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఆ మూడేళ్లలో ఆ గట్టు తుడవడమే నాకు పనైపోయింది. పరుపులకూ దిండ్లకూ జిప్పు కవర్లు కుట్టించాను. దేవుడి దగ్గర అగరుబత్తి మానేశాం. పోపు వేసే ముందు వాణ్ణి వెనక గదిలోకి పంపి తలుపు వేసేదాన్ని. హబ్సిగూడలో ఒక స్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. క్లాసులో ఉన్నంతసేపూ ఫోను బల్ల మీద వెల్లకిలా పడుండాల్సిందే. ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండానే వాడి చొక్కా పైకెత్తి డొక్కలు ఎగరేస్తున్నాడేమో చూసేదాన్ని. వాడు టీవీ చూస్తుంటే నేను వాణ్ణి చూసేదాన్ని.

అమ్మాయికి తొమ్మిదేళ్లు. దాని గురించి ఎవరడిగినా నా దగ్గర ఒకే మాట ఉండేది: "దానితో మాకే ఇబ్బందీ లేదండీ." నిజమే అనుకునేదాన్ని. ఏడో ఏటికే తన జడ తనే వేసుకుంది. హోంవర్కు తనే చేసుకునేది. నేను వాడికి మందు పడుతుంటే అడక్కుండానే టీవీ సౌండు తగ్గించేది.

ఫిబ్రవరిలో డాక్టరమ్మ స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టి, "ఇంక వాణ్ణి గాజుబొమ్మలా చూడకండమ్మా. పరుగెత్తనివ్వండి, ఎక్కనివ్వండి. ఇన్హేలర్ మాత్రం దగ్గరుంచుకోండి," అంది. మా ఆయన దాన్ని అక్షరాలా పట్టుకున్నాడు. మెట్లు దిగుతూనే, "అయితె భువనగిరి గుట్ట ఎక్కిద్దం," అన్నాడు.

మా ఆయన వాళ్లది ఉప్పలే. ఇప్పుడు షాపులూ అపార్టుమెంట్లూ ఉన్నచోట వాళ్ల తాతకు జొన్నచేను ఉండేదట. చిన్నప్పుడు వాళ్ల నాన్న వీళ్లను స్కూటరు మీద భువనగిరి తీసుకెళ్లేవాడట. నేను గోదావరి జిల్లా దాన్ని. మా వైపు కాలవగట్టు కంటే ఎత్తైనది చూసిన గుర్తు లేదు.

"అది కొండ కాదండీ, నున్నటి బండ. ఫొటోల్లో చూశాను," అన్నాను.

"బండనే. మెట్లున్నయ్, మెట్లయిపోయినంక రెయిలింగ్ ఉంది. మేం చెప్పుల్లేకుంట ఎక్కినం."

"ఎండ?"

"పొద్దుగాల్నే పోదం. పదింటికల్ల కిందికి దిగుతం."

"పైకెళ్లాక వాడికి ఆయాసం వస్తే?"

"వస్తె ఆగుదం. నువ్వు ఊకె ఫికర్ జెయ్యకు."

నేను ఫికర్ చేస్తూనే శనివారం సాయంత్రం బ్యాగు సర్దాను. ఇన్హేలర్, దానికి తగిలించే ప్లాస్టిక్ గొట్టం, మూతికి పెట్టే మాస్కు, రెండు రకాల మాత్రలు, వేడినీళ్ల ఫ్లాస్కు, చెమట పడితే మార్చడానికి రెండు చొక్కాలు. నెబులైజర్ మిషన్ కూడా కారు డిక్కీలో పెట్టించాను. మా ఆయన దాన్ని చూసి, "గుట్ట మీద కరెంటు ఉంటదా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆదివారం తెల్లవారగానే బయల్దేరాం. ఉప్పల్ దాటాక రోడ్డు మధ్యలో ఫ్లైఓవర్ పిల్లర్లు వరసగా నిలబడి ఉంటే అబ్బాయి వాటిని లెక్కపెట్టాడు. బోడుప్పల్ దగ్గర లెక్క తప్పి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. పోచారం దగ్గర తన ఆఫీసు వైపు చూడకుండా మా ఆయన మొహం పక్కకు తిప్పుకుంటే పిల్లలిద్దరూ నవ్వారు. ఘట్‌కేసర్ దాటాక కారులో మాటలు తగ్గాయి. అప్పుడు అమ్మాయి వెనక సీట్లోంచి అడిగింది.

"అమ్మా, అక్కడ రెయిలింగ్ రెండు వైపులా ఉంటుందా?"

"ఉంటుందిలే," అన్నాను. వెనక్కి తిరగలేదు. అద్దం దించాడేమోనని అప్పుడు నేను నా ఒళ్లో కూర్చున్న అబ్బాయి వైపు చూస్తున్నాను.

దగ్గరికి వెళ్లేకొద్దీ ఊరి ఇళ్ల మీద ఆ బండ అమాంతం లేచింది. ఒకే రాయి. చెట్టు లేదు, చేమ లేదు. మెట్ల దగ్గర కీర దోసకాయలు అమ్ముతున్న ముసలావిడ మా అబ్బాయిని ఎగాదిగా చూసి, "గింత పోరన్ని తీస్కపోతున్రా బిడ్డా? మెల్లగ బోన్రి. మీద బండ మీద ఉరుకనియ్యకున్రి," అంది. నేను ఆగిపోయాను. మా ఆయన అప్పటికే వాడి చెయ్యి పట్టుకుని పది మెట్లు పైన ఉన్నాడు.

మెట్ల మీద అంతా బాగానే ఉంది. రాతిగోడల మధ్య నీడ, చల్లటి గాలి. కోట తలుపు కింద పావురాలు. ఇరవై మెట్లకోసారి అబ్బాయిని ఆపి వాడి వీపు మీద అరచెయ్యి పెట్టి చూసేదాన్ని. నాలుగోసారి వాడు విదిలించుకున్నాడు.

"నాకేం కాలేదమ్మా! డాడీ, జూడు, అమ్మ మళ్ల ఆపుతుంది!"

"వదిలెయ్. మంచిగనే ఎక్కుతుండు గదా," అన్నాడు ఆయన.

వాడు నిజంగానే బాగా ఎక్కుతున్నాడు. పసుపు టోపీ వెనక్కి తిప్పి పెట్టుకుని ఒక్కో మెట్టుకీ రెండు చేతులూ ఊపుతూ. వాడి వెనక నేను, నా కళ్లు వాడి మెడ మీద. నా వెనక అమ్మాయి వస్తోంది. వస్తోందని నాకు అడుగుల చప్పుడు వల్ల తెలుసు.

తర్వాత మెట్లు అయిపోయాయి. బండ మొదలైంది. ఒకవైపు ఇనుప రెయిలింగ్. రెండోవైపు రాయి నున్నగా, గుమ్మడికాయ వంపులా కిందికి జారిపోయి కనిపించకుండా పోతుంది. ఆ కనిపించని చోటుకి అవతల ఊరు అగ్గిపెట్టెలు పేర్చినట్టుంది. అబ్బాయి దాన్నేమీ చూడలేదు. చేతులూ కాళ్లూ ఆనించి బల్లిలా పాకుతూ పైకి పోయాడు. ఆయన వాడి వెనకే. "మెల్లగ రా బిడ్డా, ఆగు," అంటున్న మాట ఒకసారి గాల్లో వినిపించింది. బండ వంపు తిరిగిపోగానే ఇద్దరూ కనపడలేదు.

నేను తొందరగా అడుగులేశాను. అప్పుడు వెనక చప్పుడు లేదని తెలిసింది.

తిరిగి చూస్తే అమ్మాయి ఇరవై అడుగుల కింద బండ మీద కూర్చుని ఉంది. రెయిలింగ్ కడ్డీని రెండు చేతులతో వాటేసుకుని, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని.

పైకి చూసి ఆయన్ని కేకేశాను. గాలి నా కేకను నా నోట్లోకే తోసింది. ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఇన్హేలర్ నా బ్యాగులో ఉంది. వాడు పైన ఉన్నాడు. అమ్మాయి కింద ఉంది. ఆ బండ మీద అటో అడుగు ఇటో అడుగు వేస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చివరికి కిందికే దిగాను.

దాని దగ్గరికి వెళ్లి నేనన్న మొదటి మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. "లే. తమ్ముడు చూడు ఎలా ఎక్కుతున్నాడో. ఐదేళ్లవాడు ఎక్కుతుంటే నీకేమైంది?"

"రాను."

అది నాకు ఎప్పుడూ 'రాను' అని చెప్పలేదు. చెయ్యి పట్టుకుంటే మంచుముక్కలా ఉంది, తడిగా ఉంది.

"సరే, ఇక్కడే కడ్డీ పట్టుకుని కూర్చో. కదలకు. తమ్ముడికి మందిచ్చి రెండు నిమిషాల్లో వచ్చేస్తాను."

తల ఎత్తకుండా, "వెళ్లు," అంది. నా చున్నీ మాత్రం వదల్లేదు.

చున్నీ లాక్కోవడానికి ఒకసారి ప్రయత్నించాను. దాని పిడికిలి ఇంకా బిగిసింది. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. మా ఆయన మీద అనుకోవడం తేలిక కాబట్టి ఆయన్నే నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

అంతలో కింది నుంచి ఇద్దరు అమ్మాయిలు ఎక్కుతూ వచ్చారు. కాలేజీ పిల్లల్లా ఉన్నారు. మమ్మల్ని చూసి ఆగి, "ఏమైందక్కా?" అని ఒకమ్మాయి అడిగింది. గబగబా చెప్పాను. హబ్సిగూడలో హాస్టల్లో ఉంటున్నామని ఆ అమ్మాయి చెప్పగానే నాకెందుకో వీళ్లు మావాళ్లే అనిపించింది. రోజూ ఆ హాస్టళ్ల ముందు నుంచే నడిచి వెళతాను మరి. బ్యాగు తెరిచి ఇన్హేలర్, గొట్టం, మాస్కు తీశాను.

"పసుపు టోపీ పెట్టుకున్న చిన్నపిల్లాడు. వాళ్ల నాన్న నీలం టీషర్టులో ఉంటాడు. ఆయన చేతికే ఇవ్వండి."

"మేమిస్తమక్కా. మీరు పాప దగ్గర కూసోండి."

మూడేళ్లుగా ఆ ఇన్హేలర్ నా చేతి దూరం దాటి పోలేదు. పెళ్లిళ్లలో కూడా బంతిలో నా ఒళ్లోనే ఉండేది. ఊరూ పేరూ తెలియని పిల్ల చేతిలో పెట్టి వేళ్లు తీయడానికి నాకు కొంచెం టైము పట్టింది. వాళ్లు వంపు తిరిగి పోయాక గుర్తొచ్చింది, మందు పట్టే ముందు ఊపాలని చెప్పలేదు, పది అంకెలు లెక్కపెట్టాలని చెప్పలేదు. లేచి అరిచాను. వాళ్లకూ వినపడలేదు.

కూర్చున్నాను. ఎండ రాయి మీదికి వస్తోంది. అమ్మాయి కడ్డీ వదిలి నా చెయ్యి పట్టుకుంది. తర్వాత తనే, "మెట్రో స్టేషన్లో కూడా నాకు ఇలాగే ఉంటుంది," అంది.

"ఎలా?"

"మెట్లెక్కేటప్పుడు. సందుల్లోంచి కింద రోడ్డు కనిపిస్తుంది కదా. కళ్లు మూసుకుని నీ బ్యాగు పట్టుకుంటాను."

నా బ్యాగు తాడు పట్టుకునేది. జనంలో తప్పిపోకుండా పట్టుకుంటోందని, ఎంత తెలివైన పిల్లో అని మా అమ్మకు ఫోన్లో చెప్పాను కూడా.

"మన అపార్టుమెంటు మెట్ల దగ్గర కూడా. గోడ వైపే నడుస్తాను."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పాను. ఫస్ట్ క్లాసులో. నువ్వు 'ష్, తమ్ముడు పడుకున్నాడు' అన్నావు."

ఆ మాట అన్నట్టు నాకు గుర్తు లేదు. అనలేదని చెప్పే ధైర్యమూ లేదు. ఆ మూడేళ్లలో నేను రోజుకు పదిసార్లు అన్న మాట అదే.

"తర్వాతైనా చెప్పొచ్చు కదమ్మా."

అది నా వైపు చూసి, నేనేదో మామూలు లెక్క తప్పు చేస్తే సరిదిద్దుతున్నట్టు చెప్పింది. "తమ్ముడికి ఊపిరి ఆడకపోతే చచ్చిపోతాడు కదా. నాకు భయమేస్తే నేను చచ్చిపోను కదా. అందుకే."

నేను దాన్ని దగ్గరికి లాక్కున్నాను. అబద్ధం రాయను, ఆ మాట విన్నాక కూడా నా చెవి సగం పైనే ఉంది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని రెండో చేత్తో ఫోను చూశాను.

"మళ్లీ చూశావు," అంది.

ఫోను బ్యాగులో పడేశాను. కాసేపటికి తీయబోయి ఆగాను. ఆగినప్పుడు చెయ్యి దురద పుట్టినట్టయింది.

పైకి వెళ్లే ఆశ అక్కడితో వదిలేశాం. "కూర్చునే దిగుదామా? నేను ముందు, నువ్వు నా వెనక. కింద ఏమీ కనపడదు, నా వీపే కనిపిస్తుంది," అన్నాను. అది ఆలోచించి సరేనంది. రెయిలింగ్ పట్టుకుని, పిర్రల మీద జానెడు జానెడు చొప్పున జారుతూ దిగడం మొదలుపెట్టాం. ఎక్కేవాళ్లు మాకు దారిస్తూ పక్కకు జరిగారు. ఒకాయన ఫొటో తీయబోతే నేను చూసిన చూపుకి ఫోను జేబులో పెట్టుకున్నాడు. సగం దూరం వచ్చాక పర్రుమని చప్పుడైంది.

"అమ్మా, నీ ప్యాంటు చిరిగింది," అంది అమ్మాయి.

"ఎంత?"

"చాలా." దాని గొంతులో ఆ రోజు మొదటిసారి నవ్వు వినిపించింది.

మెట్ల దగ్గరికి చేరాక కోట తలుపు నీడలో కూర్చున్నాం. చున్నీ నడుముకు చుట్టుకున్నాను. అక్కడ ఇంకో అరగంట. ఆ అరగంటలో ఎన్ని ఊహించుకున్నానో చెప్పను. పైనుంచి ఎవరు దిగుతున్నా లేచి నిలబడేదాన్ని. ఒక పెద్దాయన్ని, "పైన చిన్న బాబు ఎవరైనా..." అని అడిగితే, "పైన మస్తుమంది పిల్లలున్నరమ్మా," అని వెళ్లిపోయాడు. మా ఆయన ఫోను మోగుతూనే ఉంది.

చివరికి పసుపు టోపీ కనిపించింది. వాడు నడిచే వస్తున్నాడు. ఒక పక్క ఆయన, ఒక పక్క హాస్టలు అమ్మాయి, చెరో చెయ్యీ పట్టుకుని. ఆయన మొహం చూడగానే నాకు తెలిసిపోయింది, పైన ఏదో జరిగిందని.

జరిగింది ఇదీ. పైన పాత గోడలున్న చోట, చిన్న నీటిగుంట ఉంటే దాని చుట్టూ వాడు పరుగెత్తాడు. గాలి గట్టిగా కొడుతోంది. ముందు దగ్గు, ఆ తర్వాత పిల్లికూతలు. మా ఆయన అప్పుడు వెనక్కి తిరిగి నా కోసం చూశాడు. నేను లేను. ఫోను చేద్దామంటే ఫోను కారులోనే ఉండిపోయింది. వాణ్ణి ఎత్తుకుని నాలుగడుగులు వేశాడు కానీ, పిల్లాణ్ణి ఎత్తుకుని ఆ ఏటవాలు దిగడం తన వల్ల కాదని తెలిసి నిలబడిపోయాడు. అప్పుడు ఆ అమ్మాయిలు వెళ్లారు. ఆయన ఇన్హేలర్ తీసుకుని గొట్టం లేకుండా నేరుగా వాడి నోట్లో పెట్టబోయాడు. ఆయనకు రాదు. మూడేళ్లలో నేను ఒక్కసారి కూడా ఆయన చేతికివ్వలేదు.

"మీ బాబే చెప్పిండక్కా," అంది హాస్టలు అమ్మాయి. "'గట్ల కాదు డాడీ, ముందుగాల ఊపాలె, గొట్టం వెట్టాలె, పది లెక్కవెట్టాలె' అన్నడు. మాస్కు ఆయననే పట్టుకున్నడు. మేం ముగ్గురం లెక్కవెట్టినం."

"పదిహేను నిమిషాలు కూసున్నం. తర్వాత బిస్కెట్లు అడిగిండు," అన్నాడు మా ఆయన. మెట్టు మీద కూలబడ్డాడు.

నా దగ్గర తిట్లన్నీ సిద్ధంగా ఉన్నాయి. "ఒక్కసారి వెనక్కి తిరిగి చూడలేకపోయారా?" అన్నాను.

"నువ్వు ఎనకనె ఉన్నవనుకున్న. నువ్వు ఎప్పుడు వాని ఎనకనె ఉంటవ్ గదా." ఆయన నన్ను తప్పు పట్టలేదు. ఉన్నమాట చెప్పాడు. మిగతా తిట్లు నోట్లోనే ఉండిపోయాయి.

నేను అలవాటుగా అబ్బాయి చొక్కా పైకెత్తాను. డొక్కలు మామూలుగానే ఉన్నాయి. వాడు చొక్కా కిందికి లాక్కుని, "అక్క పైకెందుకు రాలేదు?" అన్నాడు.

నేను చెప్పబోయేలోగా అమ్మాయే చెప్పింది. "నాకు ఎత్తంటే భయం."

"ఎంత?"

"మస్తు."

వాడు కాసేపు ఆలోచించాడు. "మందు లేదా?"

"లేదు," అంది అది. వాడికి జాలేసినట్టుంది, పక్కన జరిగి కూర్చున్నాడు. మా ఆయన తల ఎత్తి అమ్మాయి వైపు చూశాడు. "నాకెందుకు జెప్పలె బిడ్డా?" అన్నాడు. అది భుజాలెగరేసింది.

తిరుగు ప్రయాణంలో నేను వెనక సీట్లో అమ్మాయి పక్కన కూర్చున్నాను. అబ్బాయి ఘట్‌కేసర్ రాకముందే నిద్రపోయాడు. అమ్మాయి నిద్రపోలేదు, మాట్లాడుతూనే ఉంది. ఏ మెట్లు ఎంత భయమో, స్కూల్లో రెండో అంతస్తు వరండాలో ఎలా నడుస్తుందో, లిఫ్టు తలుపు సందులో చీకటి ఎంత లోతుంటుందో. ఉప్పల్ రింగురోడ్డు దాకా ఆ జాబితా సాగింది. అన్ని భయాలతో ఈ పిల్ల రోజూ స్కూలుకెళ్లి వస్తోందా అనుకున్నాను.

ఆ వారంలోనే అబ్బాయి సోఫాలో కూర్చుని వాళ్ల నాన్నకు ఇన్హేలర్ నేర్పాడు. తప్పు చేసినప్పుడల్లా మొదటి నుంచి చేయించాడు. ఇప్పుడు వాళ్లిద్దరూ నేను లేకుండా బజారుకెళతారు. వాళ్లు తిరిగొచ్చేదాకా నేను కిటికీ దగ్గరే ఉంటాను, అది వేరే సంగతి. మెట్రో మెట్ల మీద అమ్మాయిని లోపలివైపు నడిపిస్తాను. మొదట్లో మెట్టుమెట్టుకీ, "ఎలా ఉంది? భయంగా ఉందా?" అని అడిగేదాన్ని. వారం చూసి, "తమ్ముణ్ణి చూసినట్టు నన్ను చూడకు," అంది. అప్పట్నుంచి అడగడం తగ్గించాను. మానలేదు. నా ఆందోళన తగ్గిందని చెప్పలేను. ఇదివరకు అదంతా ఒకరి మీదే ఉండేది, ఇప్పుడు ఇద్దరు పంచుకుంటున్నారు.

చలికాలం మొదలయ్యాక ఒక ఆదివారం అమ్మాయి తనే అడిగి నన్ను భువనగిరి తీసుకెళ్లింది. మేమిద్దరమే. మెట్లు అయిపోయిన చోట ఆగి ఊపిరి పీల్చుకుని బండ మీద అడుగు పెట్టింది. రెయిలింగ్ పట్టుకుని, పోయినసారి కూర్చున్న చోటు దాటి ఇంకో ఆరు కడ్డీలు ఎక్కింది. నేను లెక్కపెట్టాను. అక్కడ కూర్చుని, ఒక్క కన్ను తెరిచి ఊరి వైపు చూసి, "చాలు," అంది. దిగి వచ్చేశాం.

పైన ఏముందో నేనింకా చూడలేదు. మొన్న అన్నం తింటూ అమ్మాయి, "ఈసారి మేం ముగ్గురం కోట తలుపు దగ్గర కూర్చుంటాం. నువ్వొక్కదానివే పైదాకా వెళ్లి రామ్మా," అంది. మా ఆయన, "పో, మంచిగుంటది," అన్నాడు. అబ్బాయి నా ప్లేటులోంచి అప్పడం తీసుకున్నాడు. నేను సరేనన్నాను. అన్న దగ్గర్నుంచీ ఒకటే ఆలోచన. పైకి వెళ్లి రావడానికి గంట పడుతుంది. ఆ గంటసేపు వీళ్లు ముగ్గురూ నాకు కనపడరు.